చేతికి తగ్గ వాద్యం

బేస్ గిటార్ అంటే ఏమిటని బంధువులు అడిగినప్పుడల్లా మేము ఒకే మాట చెబుతాం. పాటలో దాన్ని ఎవరూ విడిగా వినరు, కానీ తీసేస్తే పాట చప్పబడిపోతుంది. పప్పుచారులో ఉప్పులాంటిది. మామూలు గిటార్‌కు ఆరు తీగలుంటే దీనికి సాధారణంగా నాలుగే. అవి లావుగా ఉంటాయి, స్వరం బాగా కింద పలుకుతుంది. అన్నిటికంటే లావుపాటి తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. పూర్వం ఈ పని మనిషంత ఎత్తున్న డబుల్ బేస్ చేసేది. 1951లో అమెరికాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చాక, దాన్ని భుజానికి తగిలించుకుని వాయించడం మామూలైపోయింది.

మేము అక్కాతమ్ముళ్ళం. ఒకరు పదకొండో తరగతి, ఒకరు ఎనిమిదో తరగతి. మా సొంత ఊరు బొబ్బిలి దగ్గర. నాన్న ఉద్యోగం వల్ల షిల్లాంగ్ వచ్చాం. ఈ ఊరికి వచ్చినవాళ్ళకు సంగీతం అంటకుండా ఉండదు. ఇక్కడి గాయకుడు లూ మజావ్ 1972 నుంచి ఏటా మే 24న బాబ్ డిలాన్ పుట్టినరోజు పేరుతో కచేరీ చేస్తున్నారు. 2010లో షిల్లాంగ్ ఛాంబర్ కోయిర్ దేశమంతా చూసిన టీవీ పోటీలో గెలిచింది. సాయంత్రం మా వీధిలో నడిస్తే కనీసం రెండు మూడు ఇళ్ళలోంచి గిటార్ వినిపిస్తుంది. తమ్ముడు ఆ గిటార్ల మధ్య బేస్‌ను ఎంచుకున్నాడు. చిక్కు అక్కడే మొదలైంది. వాడిది ఎడమచేతి వాటం.

గిటార్ వాయించేవారిలో ఎక్కువమంది ఎడమచేత్తో మెట్లమీద తీగలు నొక్కి, కుడిచేత్తో మీటుతారు. తమ్ముడికి తాళం ఎడమచేతిలోనే ఉంది. బల్లమీద దరువు వేసినా, క్యారమ్స్ ఆడినా ఆ చెయ్యే. మూడు నెలలు కుడిచేతి వాటం బేస్‌మీద శ్రద్ధగా సాధన చేశాడు. నొక్కడం వచ్చింది గానీ మీటడం మాత్రం ఎప్పుడూ అర క్షణం వెనకబడేది. కుడిచేత్తో నేర్చుకుని గొప్పవాళ్ళైన ఎడమచేతివాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. వాడికి మాత్రం అది కుదరలేదు.

"తిరగేసి పట్టుకుంటే సరిపోతుందిగా?" అని చాలామంది అడిగారు. సరిపోదు. తిరగేస్తే లావు తీగ కిందికి, సన్న తీగ పైకి వస్తాయి. తీగలు విప్పి వరస మార్చి కట్టినా, మెడ చివర అవి కూర్చునే గాళ్ళు ఒక్కో తీగ లావును బట్టి కోసి ఉంటాయి, కాబట్టి వాటినీ మార్చాలి. పైమెట్లు అందడానికి చెక్కలో వదిలిన ఒంపు పైవైపుకు వెళ్ళిపోతుంది. శబ్దం హెచ్చించే మరలు మోచేతి కింద పడి వాటంతటవే తిరుగుతుంటాయి.

రెండో చిక్కు పొడవు. మామూలు బేస్‌లో మోగే తీగ పొడవు 34 అంగుళాలు. పదమూడేళ్ళ తమ్ముడి వేళ్ళు మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టు దాకా చాలవు. ఇక్కడ మా లెక్కల పుస్తకం పనికొచ్చింది. గిటార్ మెట్లు ఇష్టమొచ్చినట్టు పెట్టినవి కావు. 2కు పన్నెండో మూలం, అంటే దాదాపు 1.0595, ఆ నిష్పత్తిలో దూరాలు తగ్గుతూ పోతాయి. పన్నెండో మెట్టు సరిగ్గా తీగ సగంలో ఉంటుంది. ఆ లెక్కన 34 అంగుళాల బేస్‌మీద ఒకటో మెట్టుకూ నాలుగో మెట్టుకూ మధ్య సుమారు 13 సెంటీమీటర్లు వస్తుంది. 30 అంగుళాలదైతే 11.4 సెంటీమీటర్లు. ఒకటిన్నర సెంటీమీటరు తేడా వినడానికి చిన్నదే. స్కేలు మీద వేళ్ళు చాపి చూడండి, తెలుస్తుంది. పైగా అదే తీగ, అదే స్వరం అయితే పొట్టి బేస్‌మీద బిగువు ఇంచుమించు 22 శాతం తగ్గుతుంది. లేత వేళ్ళకు అదీ మేలే.

"వీడు పెరిగాక ఏం చేస్తాం? మళ్ళీ ఇంకొకటా?" అని నాన్న అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబుగా పాల్ మెకార్ట్‌నీని చూపించాం. ఆయనదీ ఎడమచేతి వాటమే. 1961లో హాంబర్గ్‌లో కొనుక్కున్న హాఫ్‌నర్ బేస్ వయొలిన్ ఆకారంలో ఉండే పొట్టి బేస్. బీటిల్స్ పాటలు ఎన్నో ఆ రకం బేస్‌తోనే వాయించారు. కాబట్టి పొట్టి బేస్ అంటే పిల్లల బేస్ అని కాదు.

ఎడమచేతి వాటమూ, పొట్టి పొడవూ రెండూ కలిసినది మాత్రం దుకాణాల్లో దొరకలేదు. షిల్లాంగ్‌లో అడిగాం, గువాహటిలో అడిగాం. నాన్న పనిమీద కోల్‌కతా వెళ్ళినప్పుడు లాల్‌బజార్‌లో వరసగా ఉండే వాద్యాల షాపులన్నీ తిరిగారు. మన దేశంలోనూ చేత్తో గిటార్లు చేసేవారున్నారు. మేము ఇద్దరిని సంప్రదించాం. ఒకరు బేస్ చేయరు, మరొకరికి ఏడాది దాకా ఖాళీ లేదు. అప్పుడు జర్మనీలో ఒక చిన్న పనిశాల గురించి మ్యూజిక్ సర్ చెప్పారు. మనం కొలతలిస్తే ఒక్కొక్కటిగా చేసి పంపుతారట. ధర 1,400 యూరోలు. రవాణా, పన్ను వేరే.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడలేదు. అది మాకు చిన్న మొత్తం కాదు. కుడిచేతి బేస్ పదిహేను వేలకు వస్తుంటే, చెయ్యి కొంచెం అలవాటు చేసుకుంటే పోయేదానికి ఇంత ఎందుకని నాన్న అన్నారు. తప్పేమీ లేదు, ఇంటి ఖర్చులు చూసుకునేది ఆయనే. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారని నాయనమ్మ ఫోన్లో నవ్వింది. చిన్నప్పుడు తమ్ముడు ఎడమచేత్తో ప్రసాదం అందుకుంటే చెయ్యి వెనక్కి నెట్టి కుడిచెయ్యి చాపించింది కూడా ఆవిడే.

తాతయ్య మాత్రం నవ్వలేదు. ఫోన్ నాన్నకిమ్మన్నారు. స్పీకర్లో ఉండటంవల్ల మేమూ విన్నాం. "ఒరేయ్, నా చెయ్యి బళ్ళో మాస్టారు మార్చారు. పలక ఎడమచేత్తో పట్టుకుంటే వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు. అరవై ఏళ్ళు కుడిచేత్తోనే రాశాను, ఇప్పటికీ నా రాత నాకే నచ్చదు. వీడి చెయ్యి నువ్వు మార్చకు." తాతయ్యది ఎడమచేతి వాటమని మాకు ఆ రోజే తెలిసింది. మేకు కొట్టేటప్పుడు, కొబ్బరికాయ వలిచేటప్పుడు ఆయన ఎడమచెయ్యి వాడటం ఎన్నోసార్లు చూశాం. ఎందుకని ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇంకో మాట కూడా అన్నారు. "కొలతలిచ్చి వాద్యం చేయించుకోవడం విడ్డూరమేం కాదు. మన గొల్లపల్లిలో వీణ అలాగే కదరా చేస్తారు." నిజమే. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు తరతరాలుగా పనసకర్రతో వీణలు చెక్కుతున్నారు. ఒకే మొద్దులోంచి మొత్తం వీణను తీసే పని అక్కడ ప్రసిద్ధి. వీణకు మెట్లను మైనంలో కూర్చుతారు, చెవితో విని సరిచేస్తారు. గిటార్‌కు లెక్క ప్రకారం కోసి బిగిస్తారు. పద్ధతి వేరే అయినా రెండుచోట్లా ఒక మనిషి కూర్చుని ఒక కర్రతోనే రోజులు గడుపుతాడు.

తాతయ్య ముప్ఫై వేలు పంపారు. కాలనీలో తెలుగువాళ్ళు వేసుకునే చీటీని అమ్మ ఎత్తుకుంది. ఆ ఏడాది ఊరి ప్రయాణం మానుకున్నాం. అక్క లాప్‌టాప్ ఏడాది వాయిదా పడింది. 2023 జూన్‌లో సగం డబ్బు పంపాం.

ఆ తర్వాత జర్మనీ నుంచి వచ్చిన ప్రశ్నలు చూసి ఆశ్చర్యపోయాం. తమ్ముడి రెండు చేతులూ గ్రాఫ్ కాగితం మీద పెట్టి గీత గీసి పంపమన్నారు. కూర్చుని ఎక్కువ వాయిస్తాడా, నిలబడా అని అడిగారు. భుజం ఎంత బరువు మోయగలదు, వేళ్ళతో మీటుతాడా లేక పలకతోనా, మీ ఊళ్ళో గాలిలో తేమ ఎంత అనీ అడిగారు. దర్జీ దగ్గర కొలతలిచ్చినట్టే అనిపించింది. షిల్లాంగ్ వానల గురించి మేము ఒక పేజీ రాశాం. మెడ మేపుల్ కర్రతో చేస్తామన్నారు. దానిలోపల ఒక ఉక్కుకడ్డీ ఉంటుంది. తీగలు లాగే బలానికి మెడ వంగకుండా అది అడ్డుకుంటుంది, తేమకు కర్ర కదిలినప్పుడు దాన్ని తిప్పి సరిచేసుకోవచ్చు.

మెట్లు కూర్చే పైపలకకు వాడేది ఇండియన్ రోజ్‌వుడ్ అని రాశారు. ఏ చెట్టో అని వెతికితే మన జిట్రేగి! మన అడవుల్లో పెరిగే కర్ర జర్మనీ వెళ్ళి, మెట్లు వేయించుకుని మళ్ళీ మన దగ్గరికి వస్తోంది. ఈ జాతి చెట్లు తరిగిపోతున్నాయని 2017 జనవరి నుంచి వాటి అంతర్జాతీయ వ్యాపారం మీద కట్టడి పెట్టారు. అప్పట్లో గిటార్ దేశం దాటించి అమ్మాలన్నా ప్రత్యేక అనుమతి కాగితాలు కావలసివచ్చేవి. 2019 నవంబర్ చివరినుంచి తయారైన వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. అందువల్ల మాకు ఆ బెడద తప్పింది.

డిసెంబర్ చివర్లో బేస్ పూర్తయింది. మిగతా సగం పంపేనాటికి 89 రూపాయలున్న యూరో 91 దాటింది. ఆ తేడాకే పద్నాలుగు వందల పైన ఎక్కువైంది. సుంకం లెక్క నాన్న మాకు కాగితం మీద వేసి చూపించారు. వస్తువు ధర ఒక్కదాని మీదే కాదు, దానికి రవాణా, బీమా కలిపిన మొత్తంమీద సుంకం వేస్తారు. ఆ సుంకాన్ని కూడా కలుపుకుని, పైన ఐజీఎస్‌టీ వేస్తారు. విదేశాలనుంచి ఏదైనా తెప్పించుకునేవారు ధర చూసి పొంగిపోకుండా ఈ లెక్క ముందే వేసుకోవాలి. నాన్న ఆ డబ్బు ముందుగానే పక్కన పెట్టారు.

పెట్టె మన దేశం చేరాక పది రోజులు కదల్లేదు. కొరియర్ సంస్థలో ఎవరో దాన్ని చెక్క ఫర్నిచర్ అని నమోదు చేశారు. నాన్న ఆధార్ ప్రతి, బిల్లు, బేస్ ఫోటోలు పంపి, వాద్యాలు సుంకాల పట్టికలో 92వ అధ్యాయం కిందికి వస్తాయని రెండుసార్లు రాయాల్సివచ్చింది. ఆ పది రోజులూ తమ్ముడు రోజుకు ఇరవైసార్లు ఫోన్లో పార్సెల్ జాడ చూసుకున్నాడు.

జనవరి చలిలో పెట్టె ఇంటికొచ్చింది. ఒక రోజంతా తెరవకూడదని చేసినాయన ముందే రాశారు. చల్లటి సరుకు విమానంలోంచి వచ్చిన కర్రకు, పూతకు గదిలోని వెచ్చదనం మెల్లగా అలవాటవ్వాలట. తెరిచాక మ్యూజిక్ సర్ తీగలు బిగించి, మెడలోని కడ్డీని పావు వంతు తిప్పారు. తమ్ముడు భుజానికి తగిలించుకున్నాడు. మరలు చేతికి అడ్డం రాలేదు. నాలుగో మెట్టు అందింది.

ఆ రోజునుంచి వాడు గొప్పగా వాయించేస్తున్నాడని చెప్పం. తప్పులు చేస్తూనే ఉన్నాడు. ఇంతకుముందు తప్పు చేస్తే అది చేతిదో, వాద్యానిదో తెలిసేది కాదు. ఇప్పుడు సాధన లోపమని తెలుస్తుంది, మర్నాడు సరిదిద్దుకుంటాడు. వార్షికోత్సవంలో రెండు పాటలు తాళం తప్పకుండా వాయించాడు. నాన్న వీడియో తీసి తాతయ్యకు పంపారు. "చెయ్యి బాగా ఆడుతోంది" అని తాతయ్య జవాబిచ్చారు. పాట గురించి ఏమీ అనలేదు.

ఇప్పుడు శనివారాల్లో బేస్‌ను బడికి తీసుకెళ్తున్నాం. ఐదో తరగతి పాప ఒకతి సంగీతం గది గుమ్మం దగ్గర నిలబడి చూస్తుండేది. ఓ రోజు పిలిచి ఒళ్ళో పెట్టాం. అది ఆమె చేతికి పెద్దదే. అయినా ఎవరూ ఏమీ చెప్పకుండానే కుడిచెయ్యి మెడమీద పెట్టి, ఎడమచేత్తో లావుతీగను మీటింది. గది కిటికీ అద్దం సన్నగా అదిరింది. "భయ్యా, ఇది సరిగ్గా ఉంది" అంది.