బలమును కదలికయు

ధర్మవరమున గుంటమగ్గము నొద్ద ఉదయము మొదలు ప్రొద్దు గ్రుంకువరకు కూర్చుండి, కాళ్లు గుంటలోనికి విడిచి, మెడ వంచి పట్టుపోగులను జరీని కనిపెట్టుచు బ్రతుకు సాగించు నేతగాండ్రలో యువకుడొకడు నడుమునొప్పితో నా యొద్దకు వచ్చెను. సాయంకాలము జిమ్ముకు పోయి నూరు కిలోల బరువును నేలమీదినుండి లేవనెత్తగల ఆ బలశాలి, మడమలు నేల నంటునట్లు గొంతుకూర్చుండుమనగా కూర్చుండలేకపోయెను; మడమలు లేచినవి, వెన్ను గూనివలె వంగినది. ఏండ్ల తరబడి ఒకే వంపున నిలిచిన తుంటికీలు పూర్తిగా ముడుచుకొనజాలదు గనుక, అది చేయవలసిన పనినెల్ల నడుమే చేయుచుండెను. స్వీడను దేశపు శల్యవైద్యుడు నాకెమ్సన్ 1960ల దశకమున, సజీవుల వెన్నుపూసల నడుమనుండు మెత్తని బిళ్లలలో సూది చొప్పించి ఒత్తిడిని కొలిచి, నిలుచున్నప్పటికంటె కూర్చుండి ముందునకు వంగినపుడు అది మిక్కిలి హెచ్చునని చూపెను. పగలెల్ల మగ్గముపై ఆ భారమును మోసిన నడుమే సాయంకాలమున నూరు కిలోలను గూడ మోయవలసివచ్చెను.

జిమ్ము మానుమందునని వాడు భయపడినాడు. నేను మానుమనలేదు, ఇరువది కిలోల వట్టి కడ్డీని మోకాళ్ల యెత్తున నుంచి, వెన్ను వంగక తుంటి మాత్రమే వంగునట్లు మెల్లగా ఎత్తుమంటిని, ద్వారబంధమును పట్టుకొని దినదినము గొంతుకూర్చుండుమంటిని. వెన్ను వంగిన క్షణముననే ఆనాటి బరువునకు అవధి. కొన్ని నెలలకు వాడు ఎనుబది కిలోలను నొప్పి లేక నేలనుండి ఎత్తెను. మన గరిడీలలో తీయించెడి బస్కీలలో తుంటి, మోకాలు, చీలమండ కలిసి వంగి కలిసి లేచును. ఆ క్రమమును నేటి యువకులు విడనాడుట నాకు బాధ కలిగించుచున్నది.

హిందూపురము చింతపండు మార్కెట్టులోని హమాలీలు కాళ్లబలముతో మూట నెత్తుకొను తీరు మెచ్చదగినదే. ఐనను చిరకాలము ఒకే భుజమున మోసి, చేయి తలపైకి లేవక వచ్చినవారిని చూచితిని గనుక కాయకష్టమే చాలు వ్యాయామమను మాటను నేనంగీకరింపను.

పెనుకొండలో విశ్రాంత ఉపాధ్యాయిని యొకామె చిరకాలముగా ఆసనములు వేయుచు, అరచేతులు నేల కానునంతగా వంగగలిగియు, చేతులూనక నేలనుండి లేవలేక, మెట్లపై తూలిపడెను. నడివయసు దాటిన పిమ్మట కండ తరుగుచుండును. సాగదీసిన మాత్రమున అది మరల పెరుగదు, మోతకే పెరుగును. “ఈ వయసులో నాకు బరువులెందుకు సార్?” అన్నదామె. చిన్న బిందెలో సగము నీరు పోసి, రొమ్మున కదుముకొని కుర్చీనుండి లేచి కూర్చుండుట నేర్పితిని. ఇప్పుడామె చేతులూనకయే నేలనుండి లేచుచున్నది. బిందెలో మరి రెండు చెంబుల నీరు పోసికొందునా యని అడుగగా సమ్మతించితిని.