గాలికి మార్కులు

అమ్మమ్మకి ఫోన్లో టోర్నడో అంటే ఏమిటో చెప్పటానికి నానా తంటాలు పడ్డాను. "పెద్ద సుడిగాలి అమ్మమ్మా" అంటే నమ్మదే! "ఎండాకాలంలో దుమ్మూ ఎండుటాకులూ లేపుకుపోయేదేగా, దానికి కొంపలు కూలటమేవిట్రా" అంది. ఆవిడది దివిసీమ. 1977 ఉప్పెన కళ్ళారా చూసిన మనిషి. అలాంటావిడకి గాలి గురించి నేను పాఠం చెప్పటమేమిటని కూడా అనిపించిందనుకోండి.

సంగతేమిటంటే, 2024 మే 21న అయోవాలో గ్రీన్‌ఫీల్డ్ అనే ఊరి మీదుగా టోర్నడో వెళ్ళింది. మేముండే డిమోయిన్‌కి నైరుతిగా కారులో గంట పైచిలుకు ప్రయాణం. రెండు వేల జనాభా, మధ్యలో కోర్టు భవనం, దాని చుట్టూ కొట్లు, ఆ తర్వాత మొక్కజొన్న చేలు. ఆ టోర్నడో దారి మొత్తం మీద అయిదుగురు చనిపోయారు. ఊరి ఆసుపత్రికే దెబ్బ తగలటంతో రోగుల్ని వేరే ఊళ్ళకి తరలించాల్సి వచ్చింది.

మా టీములో ఒకాయన ఉన్నాడు, నాకంటే పాతికేళ్ళు పెద్ద, ఆ చుట్టుపక్కల పల్లెల్లోనే పుట్టి పెరిగినవాడు. జూన్ మొదటి శనివారం వాళ్ళ చర్చి వాళ్ళతో సాయానికి వెళుతూ "వస్తావా?" అని అడిగాడు. చెట్లు కొయ్యటం చేతకాదన్నాను. "నువ్వు ఫారాలు నింపు, నీకు అలవాటేగా" అన్నాడు. అది ఎత్తిపొడుపో కాదో ఇప్పటికీ తెలియదు. మేం చేసేది ఇన్సూరెన్స్ క్లెయిముల సాఫ్ట్‌వేర్ లెండి. ఇంటికి ఎంత నష్టం జరిగిందో ఎంచుకునే డ్రాప్‌డౌన్ రాసింది నేనే. అది నింపకపోతే స్క్రీను ముందుకి కదలదు. అలా రాసింది కూడా నేనే.

మాకిచ్చిన ఫారంలోనూ అవే గళ్ళు: పూర్తిగా ధ్వంసం, భారీ నష్టం, స్వల్ప నష్టం, కాస్త దెబ్బ. వీధి వెంట నెమ్మదిగా వెళుతూ ఇంటికో ఫొటో తీసి, గడిలో టిక్కు పెట్టాలి. దీన్ని కారు అద్దం సర్వే అంటారు, దిగకుండానే రాసేస్తారు కాబట్టి.

దారిలోనే పొలాల్లో గాలిమరలు వంగి విరిగిపడి కనిపించాయి. గాలితో కరెంటు తీసే యంత్రాల్నే గాలి విరిచేసింది. ఊళ్ళోకి వెళ్ళాక ఒక వరస ఇళ్ళు లేనే లేవు. కాంక్రీటు పునాది, పక్కన సెల్లారులోకి దిగే మెట్లు, అంతే. చెట్లకి కొమ్మలు లేవు, చాలా వాటికి బెరడు కూడా లేదు, కొబ్బరి పీచు ఒలిచినట్టు ఒలిచేసింది. వాటికి గులాబీ రంగు ఇన్సులేషన్ దూదిలాగా వేలాడుతోంది. దాని వెనక వీధిలో మాత్రం ఒకాయన మామూలుగా గడ్డి కోసుకుంటున్నాడు! తుఫానంటే తాలూకాలకి తాలూకాలే పోతాయని వింటూ పెరిగినవాణ్ణి, ఇలా గీత గీసినట్టు తీసుకుపోవటం నాకు కొత్త.

తిరిగొచ్చాక ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. టోర్నడో గాలివేగాన్ని చాలాసార్లు ఎవరూ కొలవరు. అది వెళ్ళిపోయాక వాతావరణ శాఖ వాళ్ళొచ్చి, విరిగినవాటిని చూసి వెనక్కి లెక్కగడతారు. ఈ పద్ధతికి ఆద్యుడు ఫుజిటా అనే జపనీయుడు. కుర్రతనంలో హిరోషిమా, నాగసాకిలలో బాంబు చేసిన నష్టాన్ని పరిశీలించినవాడు. 1971లో ఆయన ఇచ్చిన స్కేలునే సవరించి 2007 నుంచి వాడుతున్నారు. ఇల్లు, బడి, సెల్ టవరు, చెట్టు... ఇలా 28 రకాల వస్తువులు. ఒక్కోదానికీ ఎంత దెబ్బ తగిలితే ఎంత గాలి అని పట్టిక. గట్టిగా కట్టిన ఇల్లు పునాది తప్ప ఏమీ మిగలకుండా కొట్టుకుపోతే సుమారు 200 మైళ్ళ గాలి. అదే సన్నపాటి మొబైల్ హోమ్ తునాతునకలైతే 127 మైళ్ళే. ఎందుకంటే అంతకంటే ఎక్కువ గాలి వచ్చిందని చెప్పటానికి అక్కడ సాక్ష్యం మిగలదు. మైలు అవతల పొలంలో తిరిగిన రాకాసి టోర్నడోకి వచ్చే మార్కులూ అంతంతమాత్రమే. పరీక్ష రాసేది గాలి, మార్కులు పడేది కట్టడానికి.

గ్రీన్‌ఫీల్డ్‌కి నష్టాన్ని బట్టి 185 మైళ్ళు, నాలుగో తరగతి ఇచ్చారు. అదే టోర్నడోని లారీ మీద పెట్టిన రాడారుతో కొలిచినవాళ్ళు నేలకి దగ్గరలో 300 మైళ్ళు దాటిందని అంచనా వేశారు. రాడారు అంకెకి రేటింగులో చోటు లేదు. 2013 మే తర్వాత పన్నెండేళ్ళపాటు అమెరికాలో ఒక్కదానికీ అయిదో తరగతి ఇవ్వలేదు. చివరికి 2025 జూన్‌లో నార్త్ డకోటాలో వచ్చినదానికి ఇచ్చారు, అదీ ఒక ఖాళీ రైలు ట్యాంకరుని గాలి ఎంత దూరం విసిరిందో లెక్కగట్టాక.

ఇదంతా ఎందుకు చదివానంటే, ఆ రోజు నేను చేసిన ఒక తప్పు వల్ల. ఊరికి తూర్పు వైపు ఒక తెల్లటి ఇల్లు. కప్పు ఉంది, గోడలున్నాయి, రెండు కిటికీలకి అట్టలు కొట్టారు. ఫొటో తీసి "స్వల్ప నష్టం" టిక్కు పెట్టి పక్కింటికి జరిగాను. ఒక పెద్దావిడ బయటికొచ్చి "ఏం రాసుకున్నావ్ బాబూ?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. వచ్చి చూడమని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళింది. గుమ్మానికీ సిమెంటు మెట్లకీ మధ్య నా పాదం పట్టేంత సందు! ఇల్లు మొత్తం పునాది మీంచి జరిగింది. లోపల తలుపులు పడటం లేదు, పంపులు తెగిపోయాయి. ఆవిడ కూతురి దగ్గరుంటూ రోజూ వచ్చి సామాన్లు సర్దుకుంటోంది. "రోడ్డు మీంచి చూస్తే బాగానే ఉంటుంది, అదే నా ఖర్మ" అంది. ఆ టిక్కు కొట్టేసి "భారీ నష్టం" అని రాశాను. అప్పటికే ఆ వీధిలో దిగకుండా రాసినవి పదకొండు ఇళ్ళు. అన్నిటికీ మళ్ళీ నడిచి వెళ్ళాను. ఇంకో రెండు మార్చాల్సి వచ్చింది.

అమ్మమ్మకి ఇది చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, ఉప్పెన వెళ్ళిన కొన్నాళ్ళకి వాళ్ళ ఊరికీ ఒకాయన పుస్తకం పట్టుకొచ్చాడట. పాకకి తాటాకూ లేదు, తడికలూ లేవు. నిట్రాడు మాత్రం నిలబడి ఉంది. దాన్ని చూసి "సగం" అని రాసుకుని వెళ్ళిపోయాడట.

"చెప్పకపోయావా మరి?"

"చెప్పేవాళ్ళెవర్రా, మీ తాతయ్య పశువుల్ని వెతుక్కుంటూ పోయాడు. నేను బాలింతరాలిని. మర్నాటికి నిట్రాడూ ఒరిగిపోయింది, ఆయన మళ్ళీ రాలేదు."

ఆ బిడ్డ మా అమ్మే.

సోమవారం ఆఫీసుకెళ్ళి ఒక టిక్కెట్టు తెరిచాను: గుమ్మం, పునాది దగ్గర్నుంచి తీసిన ఫొటో లేకుండా "స్వల్పం" ఎంచుకోనివ్వకూడదు అని. క్లెయిము ఆలస్యమవుతుందని వాదన జరిగింది, అందులోనూ కొంత నిజం ఉంది. చివరికి ఫొటో పెట్టుకునే వీలు కల్పించారు కానీ తప్పనిసరి చెయ్యలేదు. నెలకోసారి డేటాబేసులో చూస్తుంటాను, ఎంతమంది పెట్టారా అని.