ఫ్యాన్ మీద చిన్న మూత

ఇంట్లో ఏ వస్తువు మూలుగుతోందో ముందు తెలిసేది రోజంతా ఇంట్లో ఉండేవాళ్ళకే. మిక్సీ జారు కింద నల్లటి జిడ్డు కనబడితే బుష్ పోయిందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మా అమ్మాయి కంప్యూటర్ సంగతీ అంతే. మొదట్లో పొద్దున్న ఆన్ చెయ్యగానే కాసేపు గర్రుమని సద్దుకునేది. తర్వాత ఆ చప్పుడు రోజంతా అయింది. మార్చి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దానంతట అదే ఆగిపోవడం మొదలుపెట్టింది.

మాది రోలుగుంట. రోడ్డు పక్క ఇల్లు. లారీల దుమ్ము, నూర్పిళ్ళప్పుడు పొట్టు, పక్కింటి పొయ్యి పొగ, అన్నీ కిటికీలోంచి లోపలికే. పొద్దున్న తుడిచిన బల్ల మీద సాయంత్రానికి పేరు రాయొచ్చు.

అమ్మాయి డిగ్రీ అయ్యాక టాలీ నేర్చుకుంది. ఒక బెల్లం వ్యాపారి లెక్కలు ఇంట్లోంచే రాస్తోంది. వచ్చేది కొంచెమే, కానీ అది తన డబ్బు. మార్చి 31 లోపు ఏడాది లెక్కలన్నీ అప్పజెప్పాలి. మరోపక్క సంబంధాలు చూస్తున్నాం. "పాత సామాను మీద ఇంకా డబ్బు పెట్టడం ఎందుకమ్మా? పెళ్ళయ్యాక అక్కడ చూసుకుందువు గాని" అన్నారు మావారు. పిల్ల ఏమీ అనలేదు. కానీ అది కంప్యూటర్ గురించి అన్న మాటలా దానికి వినబడలేదని నాకు అర్థమైంది.

నర్సీపట్నంలో ఒక కొట్టుకి ఫోన్ చేస్తే, తెచ్చి వదిలెయ్యండి, వారం పడుతుంది అన్నారు. వారం ఎక్కడుంది మా దగ్గర?

మర్నాడు ప్లగ్ పీకేసి, డబ్బా పక్క రేకు తనే విప్పింది. నేను పక్కన టార్చి పట్టుకున్నాను. ప్రాసెసర్ మీద అల్యూమినియం దిమ్మ, దాని మీద ఫ్యాను. దిమ్మని కదిపితే అడుగున పేస్టు మళ్ళీ రాయాలట. అందుకని నాలుగు స్క్రూలు తీసి ఫ్యాను ఒక్కటే బయటికి తీసింది. రెక్కల మధ్య దుమ్ము దూదిలా పట్టేసి ఉంది. ఆ ఫ్యాను సరిగ్గా తిరగకపోతే ప్రాసెసర్ కాగిపోతుంది, కాలిపోకుండా కంప్యూటర్ తనే ఆగిపోతుంది.

ఫ్యాను వెనక మధ్యలో కంపెనీ పేరున్న గుండ్రటి స్టిక్కరు ఉంటుంది. అది అందానికనుకుంటాం. నిజానికి అది మూత. దాని కింద చిన్న రబ్బరు బిరడా, ఆ బిరడా కింద ఇరుసు, ఇరుసు చుట్టూ నూనె పీల్చుకున్న ఇత్తడి రంగు గొట్టం. ఆ నూనె బయటికి పోకుండా, దుమ్ము లోపలికి రాకుండా కాసేది ఆ రెండు మూతలే. మా దాని స్టిక్కరు ఒక పక్క లేచిపోయి ఉంది. లోపల నూనె, దుమ్ము కలిసి నల్లటి ముద్ద.

అత్తయ్యగారు మంచం మీంచి చూస్తున్నారు. ఆవిడ చాలా ఏళ్ళు కుట్టుమిషను తొక్కారు. "ఏటే గుంటా, మిషన్ నూనె రెండు చుక్కలెయ్యి. కొబ్బరినూనె మాత్రం ఎయ్యకు, పేరుకుపోద్ది" అన్నారు. నిజమే, కొబ్బరినూనె 24 డిగ్రీలకే గడ్డకట్టడం మొదలుపెడుతుంది.

ముద్దంతా దూదితో తీసి, రెండు చుక్కలు వేసి, వేలితో తిప్పి, బిరడా పెట్టింది. నూనె తగిలిన చోట జిగురు అంటదు కదా. అందుకని చుట్టూ స్పిరిట్‌తో తుడిచి, ఆరాక, పాత స్టిక్కరు మీదుగా గట్టి టేపు వేసింది. ఆన్ చేస్తే చప్పుడు లేదు.

అన్ని ఫ్యాన్లకీ ఈ వైద్యం కుదరదు. కొన్నిటిలో బాల్ బేరింగులుంటాయి. మన సీలింగ్ ఫ్యాన్లలో వేసే 6202 లాంటివే, ఇంకా చిన్నవి. వాటి మీద జడ్‌జడ్ అని ఉంటే రెండు పక్కలా రేకు మూతలు, 2ఆర్‌ఎస్ అని ఉంటే రబ్బరు మూతలు. రబ్బరు లోపలి రింగుని తాకుతూ ఉంటుంది కాబట్టి దుమ్ముని బాగా ఆపుతుంది, కానీ కాస్త బిగువు. కంప్యూటర్ ఫ్యాను చిన్న ప్రాణం కాబట్టి దానికి ఎక్కువగా రేకువే వాడతారు. లోపల గుండ్లు అరిగిపోతే నూనె పని చెయ్యదు, మార్చాల్సిందే.

మా నూనె వైద్యం కూడా శాశ్వతం కాదని అమ్మాయికి తెలుసు. లెక్కలు 29 కల్లా అప్పజెప్పి, ఏప్రిల్‌లో వచ్చిన డబ్బుతో కొత్త ఫ్యాను తెప్పించి తనే బిగించుకుంది. డబ్బాని నేల మీంచి తీసి బల్ల మీద పెట్టాం. నెలకోసారి రేకు విప్పి, రెక్కల్ని వేలితో ఆపి పట్టుకుని బ్రష్షుతో దుమ్ము దులుపుతుంది.

మొన్న ఒక సంబంధం వాళ్ళు ఫోన్లో అడిగారు, అమ్మాయి ఏం చేస్తుంటుందని. మావారు ఎప్పుడూ "ఇంట్లోనే ఉంటుందండీ" అనేవారు. ఈసారి "లెక్కలు రాస్తుందండీ. పెళ్ళయ్యాక కూడా రాస్తుంది. ఆ కంప్యూటర్ తనతోనే వస్తుంది" అన్నారు. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న అమ్మాయి చెయ్యి ఒక్క క్షణం ఆగింది.