గాలివాటం

పాలంపేటలో రామప్ప చెరువు కట్టపై నిలిచినప్పుడల్లా నా దృష్టి ముందుగా గాలి మీదికే పోతుంది. గాలి కట్ట నుండి నీటి మీదికి వీస్తున్నప్పుడు ఒడ్డు దగ్గర నీరు నిశ్చలంగా కనిపిస్తుంది. ఆ ప్రశాంతతను నమ్మరాదు. లోనికి పోయినకొద్దీ అలలు పెరుగుతాయి. పడవ గాలివాటానికి కొట్టుకొనిపోతుంది. తిరిగి ఒడ్డు చేరడం కష్టమవుతుంది. పెద్ద గాలిపటం ఊతంగా నీటిపై జారే కైట్ సర్ఫింగ్ క్రీడాకారులు సైతం అటువంటి గాలిలో దిగడానికి జంకుతారు. నదిలోనైతే, ప్రవాహానికి గాలి ఎదురైనప్పుడు అలలు మరింత నిటారుగా లేస్తాయి.

క్రీ.శ. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శిఖరపు ఇటుకలు నీటిపై తేలుతాయి. వాటి సూక్ష్మరంధ్రాలలోని గాలియే అందుకు కారణం. లైఫ్ జాకెట్టును తేల్చేదీ, దానిలో బంధింపబడిన గాలియే. ముంచగల గాలియే రక్షింపనూ గలదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద, వరద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి ఎందరో అసువులు బాశారు. నాటి నుండి విహారయాత్రలలో జాకెట్టు ధరింపని విద్యార్థిని నేను పడవ ఎక్కనివ్వను. “ఉక్కగా ఉంది సార్!” అని వారు విసుక్కొంటారు. విసుక్కోనీ! సాయంకాలానికి వారందరినీ లెక్క తప్పక ఇళ్లకు చేర్చవలసినవాడను కదా!