అరవై మిల్లీల లెక్క

ఒకప్పుడు బెంగళూరులో ఫ్యాను లేకుండానే వేసవి గడిపేవాళ్ళమని ఇక్కడి పాతవాళ్ళు చెబుతుంటారు. ఇప్పుడా మాటంటే పిల్లలు నవ్వుతారు. 2016 ఏప్రిల్లో ఈ ఊళ్ళో 39.2 డిగ్రీల ఎండ కాసింది మరి. దాదాపు అలాంటి ఎండే కాస్తున్న ఒక ఆదివారం మధ్యాహ్నం మా అబ్బాయి హాల్లో బల్లమీద జిన్ సీసా పెట్టాడు. మా ఇంట్లోకి అలాంటి సీసా రావడం అదే మొదలు.

"వేసవికి దీన్ని మించింది లేదు. చూడు నాన్నా" అంటూ పని మొదలుపెట్టాడు.

పొడవాటి గ్లాసు నిండా ఐసుముక్కలు పోశాడు. కీరా దోసకాయ పలచటి చక్రాలుగా తరిగి లోపల దోపాడు. నాలుగు పుదీనా ఆకులు అరచేతిలో పెట్టుకుని ఒక్క చరుపు చరిచాడు. నలిపితే చేదెక్కుతుందిట, చరిస్తే వాసన మాత్రమే వస్తుందిట. కొలిచి 60 మిల్లీలీటర్ల జిన్ పోశాడు. అరచెక్క నిమ్మరసం పిండి, ఆపైన 150 మిల్లీల టానిక్ వాటర్ నెమ్మదిగా వంచాడు. చెంచాతో ఒక్కసారే కలిపాడు. ఎక్కువ కలిపితే గ్యాసు పోతుందిట.

చేస్తూనే కథ చెప్పాడు. జిన్ వాసన జునిపర్ కాయలది. టానిక్ చేదు సింకోనా బెరడులోని క్వినైన్‌ది. మన దేశంలో ఉన్న తెల్లదొరలు మలేరియా భయంతో ఆ చేదు మింగలేక చక్కెర, సోడా, జిన్ కలుపుకునేవారట. మలేరియాకు దోమతో ఉన్న సంబంధాన్ని రోనాల్డ్ రాస్ పట్టుకున్నది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టులో, అని నేనూ ఓ ముక్క అందించాను.

"చూశావా, ఇది మందే!" అని నవ్వాడు.

బ్యాంకువాణ్ణి కదా, లెక్క వేశాను. అమెరికా నిబంధన ప్రకారం టానిక్‌లో లీటరుకు 83 మిల్లీగ్రాములకు మించి క్వినైన్ ఉండకూడదు. మలేరియా నయం కావాలంటే రోజుకు 20 లీటర్లకు పైగా తాగాలి! ఇక 42.8 శాతం జిన్ 60 మిల్లీలంటే దాదాపు 20 గ్రాముల ఆల్కహాలు. అది ఒంట్లో నీటిని బయటికి తోసేదే తప్ప నిలిపేది కాదు. చల్లదనమంతా ఐసుది, నిమ్మది, పుదీనాది.

లెక్క సరిపోయింది. నా గుండెదడ మాత్రం లెక్కలోంచి వచ్చింది కాదు.

మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. మా నాయన కూలిడబ్బులు సారా కొట్టుకే పోయేవి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారని తెలిసి మా ఊరి ఆడవాళ్ళూ కదిలారు. చీపురు పట్టుకుని ముందు నడిచినవాళ్ళలో మా అమ్మ ఒకతె. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. మా నాయన అది చూడలేదు. అంతకు నాలుగు నెలల ముందే కాలేయం చెడి పోయాడు.

అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. మాటలు విని గదిలోంచి వచ్చింది. సీసా చూసింది, గ్లాసు చూసింది. కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు.

"ఎన్ని తాగుతావురా అబ్బయ్యా?" అని అడిగింది.

"ఒక్కటే అవ్వా."

"మీ తాతా ఒక్కటేనన్నాడు."

ఇంకేమీ అనలేదు. వచ్చి సోఫాలో కూచుంది. వాడు కాసేపు గ్లాసు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, జిన్ లేకుండా మరో గ్లాసు కలిపి ఆవిడ చేతికిచ్చాడు. అమ్మ ఒక గుక్క తాగి, "ఉగాది పచ్చట్లో వేపపువ్వులాగుంది" అంది. గ్లాసు మాత్రం ఖాళీ చేసింది.

అప్పటినుంచి ఎండాకాలం ఆదివారాల్లో వాడు మా అందరికీ అదే కలుపుతున్నాడు. సీసా మళ్ళీ బల్లమీదికి రాలేదు. బయట స్నేహితులతో ఏం చేస్తాడో నేనడగలేదు. పాతికేళ్ళు దాటినవాణ్ణి అడగడం నాకు చేతకాదు. ఆ పని అమ్మ ఒక్క ప్రశ్నతో చేసేసింది. జవాబు వాడు వెతుక్కోవలసిందే.