విప్పిన క్రమం, కూర్చిన క్రమం



చేపలు పట్టే గాలపు రీలును గురించి మీకు వ్రాయవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. నేను శాకాహారిని. మా అన్నగారికి మాత్రం మైపాడు తీరాన అలల అంచున నిలిచి గాలం వేయడమంటే ప్రాణం. కువైట్‌లో పనిచేసి తిరిగి వచ్చేటప్పుడు ఆయన తనకోసం తెచ్చుకొన్న వస్తువు ఒక్కటే, ఒక స్పిన్నింగ్ రీలు.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదుమహారాజుకు తన ఇరువదినలుగురు గురువులను పరిచయం చేస్తాడు. వారిలో మీనం కూడా ఒకటి. జిహ్వాచాపల్యం వల్ల గాలానికి చిక్కి ప్రాణం కోల్పోయే ఆ జీవి, రసనేంద్రియ నిగ్రహం ఎంత దుష్కరమో బోధిస్తుంది. ఒకనాడు భోజనవేళ ఈ ఘట్టాన్ని అన్నగారికి వినిపించి, వారి వేటను నిందించాను. ఆయన నవ్వి, "అవధూత చేపను చూసి తన నాలుకను దిద్దుకున్నాడు. నువ్వు చేపను చూపించి నా నాలుకను దిద్దుతున్నావేమిరా?" అన్నారు. నాకు సమాధానం తోచలేదు. కోపం మాత్రం వచ్చింది. విస్తరి ముందునుంచి లేచిపోయాను. ఆపై పన్నెండేళ్ళు వారింట భోజనం చేయలేదు. దానికి ఆచారమని పేరు పెట్టుకొన్నాను.

అన్నగారు గతించిన మరుసటి వేసవిలో వారి కుమారుడు ఆ రీలును పెట్టెతో సహా తెచ్చి నా ముందుంచాడు. మన తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినాలు వేట నిషేధం. పడవలు ఒడ్డుకెక్కుతాయి, మత్స్యకారులు వలలు అల్లుకొంటారు, ఇంజన్లు బాగుచేసుకొంటారు. అన్నగారు కూడా ఆ రోజులలో గాలం ముట్టక, రీలు విప్పి శుభ్రం చేసేవారు. "చిన్నాయనా, దీన్ని విప్పితే మళ్ళీ బిగించే ఓపిక మీకే ఉందని నాన్న అంటుండేవాడు" అన్నాడు పిల్లవాడు. కాదనలేకపోయాను.

పెట్టెలో అన్నగారి చేవ్రాతతో ఒక కాగితం కనిపించింది. ముందు డ్రాగ్ మర, పిమ్మట దారం చుట్టిన స్పూలు, రోటరు, చేతిపిడి, ప్రక్కమూత, పెద్ద గేరు, నడిమి ఇరుసు, పినియన్ – ఇలా తీయవలసిన వరుస. పిడి వెనుకకు తిరగకుండా ఆపే బేరింగు వద్ద "ఇక్కడ గ్రీజు వద్దు, ఒక్క చుక్క పలుచని నూనె చాలు" అని హెచ్చరిక. గ్రీజు దట్టిస్తే అందులోని సన్నని కడ్డీలు పట్టు తప్పి, పిడి వెనుకకు జారుతుంది. అడుగున ఒక వాక్యం: "బిగించేటప్పుడు కింది నుంచి పైకి చదువుకోవాలి."

ఆ వాక్యం వద్ద ఆగిపోయాను. బ్రహ్మసూత్రాల ద్వితీయాధ్యాయం తృతీయపాదంలో భూతసృష్టిని గురించిన విచారణ ఉన్నది. ఆకాశాదిగా పృథివి వరకు పుట్టిన భూతాలు లయమయ్యేటప్పుడు విపరీత క్రమంలో, పృథివి మొదలుకొని, తమ తమ కారణాలలో లీనమవుతాయని సిద్ధాంతం. మెట్లెక్కినవాడు ఎక్కిన వరుసకు వ్యతిరేకంగా దిగుతాడని శంకర భగవత్పాదుల దృష్టాంతం. దీనిని ఎన్నోసార్లు పఠించాను. ఇతరులకు వివరించాను కూడా.

భాగాలను కిరోసిన్‌తో కడిగి, ఉప్పు పేరిన చోట్ల గీకి, గేరు పళ్ళకు గ్రీజు రాసి, కాగితాన్ని కింది నుంచి చదువుతూ కూర్చాను. చివరి మర బిగించి పిడి త్రిప్పాను, తిరిగింది. తృప్తిగా పళ్ళెం తీయబోతే, అందులో గోరుముక్క అంత పలుచని వాషరు ఒకటి మిగిలి ఉన్నది. పెద్ద గేరుకు, మూతలోని బేరింగుకు నడుమ ఉండవలసినది. పాత గ్రీజుతో మూతకు అంటుకొని వచ్చి, కడిగినప్పుడు ఊడిపోయింది. కాగితంలో దాని పేరు లేదు.

చెవి దగ్గర పెట్టుకొని మళ్ళీ త్రిప్పితే సన్నని గరగర. పిడిలో వెంట్రుకవాసి కదలిక. పిల్లవాడు కనిపెట్టలేడు. కాని పెద్ద పండుగప్ప లాగిన నాడు, సరిగా కలవని ఆ గేరుపళ్ళు అరిగిపోతాయి. ఇచ్చేయవచ్చునని ఒక క్షణం అనిపించిన మాట దాచను.

మళ్ళీ అంతా విప్పాను. చేతులు ఆ పనిలో ఉండగా మనస్సు నా సాధనపైకి మళ్ళింది. దేహం నేను కాను, ఇంద్రియాలు నేను కాను, మనస్సు నేను కానని విప్పుకొంటూ పోవడం ఏళ్ళ తరబడి అభ్యసించాను. అనుష్ఠానం ముగించి వ్యవహారంలోకి దిగే ప్రతి ఉదయమూ భార్య, పిల్లలు, పూజ, ప్రవచనం అన్నీ యథాస్థానంలో అమరేవి. అంతా చక్కగా తిరుగుతున్నదనే భావించాను. పళ్ళెంలో అన్నగారు మిగిలిపోయారని చూసుకోలేదు. వాదంలో గెలవాలనే రుచికి నా నాలుకే గాలానికి చిక్కింది. ఆయన ఆనాడు అన్నది అదే.

వాషరును దాని స్థానంలో ఉంచి బిగించాను. ఈసారి శబ్దం లేదు. కాగితంలో "పెద్ద గేరు" అన్న చోట, నా చేవ్రాతతో "దానిపై పలుచని వాషరు" అని చేర్చాను.

రీలు ఇచ్చేందుకు నేనే వారింటికి వెళ్ళాను. వదినగారు ఏమీ అడగకుండా విస్తరి వేశారు. అన్నం, గోంగూర పచ్చడి, మజ్జిగ. తిన్నాను. వేటను గూర్చిన నా అభిప్రాయం మారలేదు. మాంసం ముట్టను, గాలం పట్టను. కాని ఆ ఇంటి గడప తొక్కకపోవడం అహింస కాదు.

విచారణ ముగించి లోకవ్యవహారంలోకి దిగేటప్పుడు, మూత బిగించే ముందు, పళ్ళెంలోకి ఒకసారి చూడండి. పన్నెండేళ్ళు ఆలస్యం చేసినవాని విన్నపమిది.

స్వస్తి.