పిట్టను చూచు పాఠము

"సంఘకాపరికి పిట్టల బొమ్మలతో ఏమి పని, అయ్యగారూ?" అని మా చేవెళ్ళ సంఘపు పెద్దలలో ఒకాయన నన్నడిగెను. ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. శనివారము సాయంకాలమనగా ఆదివారపు ప్రసంగమునకు సిద్ధపడు వేళ. అట్టి వేళ ఏబది దాటిన పాదిరి తలుపు మూసికొని, సెల్‌ఫోనును లావుపాటి గ్రీకు నిఘంటువునకు ఆనించి, అందులో కనబడు ఒక యువతి చెప్పినట్లు కాగితముమీద పెన్సిలుతో గీతలు గీయుచుండుట ఆయనకు వింతగా నుండెను. ప్రియ చదువరీ, నీకును వింతగానే యుండవచ్చును. గనుక ఆ పాఠములలో నేమి నేర్పుదురో మొదట చెప్పెదను.

ఆ ఆన్‌లైను తరగతి ఆరు శనివారములది. ఎవరి యింట వారు కూర్చుండి నేర్చుకొందురు. పిట్టను గీయుమనగానే మనలో చాలమంది కన్నును ముక్కును మొదలుపెట్టుదురు. మా ఉపాధ్యాయిని దానిని మొట్టమొదటనే మాన్పించెను. ముందుగా ఒకే ఒక గీత గీయవలెను. అది పిట్ట కూర్చున్న వాలు. నిటారుగా నున్నదా, ముందుకు వంగినదా? ఆ గీతపై గ్రుడ్డువంటి దేహము, దానిపై చిన్న సున్నవంటి తల. తరువాత తల వీపును కలియు మూల, తోక దేహమును కలియు మూల. ఇవన్నియు సరిపడిన పిమ్మటనే కన్ను, ఈకలు కడపట. అమెరికాలో ప్రకృతి చిత్రణ నేర్పు జాన్ మ్యూర్ లాస్ 2012లో ప్రచురించిన గ్రంథములో బోధించు క్రమము ఇంచుమించు ఇదియే.

పిట్ట కాలిలో వెనుకకు మడిగినట్లు కనబడునది మోకాలని లోకులందరు అనుకొందురు. అది మోకాలు కాదు, చీలమండ. మోకాలు పైన ఈకలలో దాగియుండును. కొంగను వేయిసార్లు చూచినవానికిని ఈ సంగతి తెలియకుండవచ్చును. చూచుట వేరు, చూడగలుగుట వేరు.

మరియొక అభ్యాసములో ఛాయాచిత్రమును అర నిమిషము మాత్రము చూపి, తీసివేసి, గీయుమందురు. ఇంకొకదానిలో కాగితమువైపు చూడనే కూడదు. కన్ను పిట్ట అంచువెంట ఎంత మెల్లగా నడచునో చేయియు అంత మెల్లగా నడవవలెను. బొమ్మ బాగుగా వచ్చుట అక్కడ ముఖ్యము కాదు. ఎదుట నున్నది మన తలలోని పిట్ట కాదనియు, కొమ్మమీద నున్న ఆ ఒక్క పిట్టయే యనియు కన్నునకు తెలియవలెను.

ఇక నిఘంటువు సంగతి. మన ప్రభువు కొండమీద ఆకాశపక్షులను చూడుమని చెప్పిన చోట (మత్తయి 6:26) వాడబడిన గ్రీకు క్రియ 'ఎంబ్లెపో'. అది చూపు ప్రక్కకు పోనీయక ఒకదానిమీద నిలుపుట. ధనికుడైన ఆ యౌవనస్థుడు ఎదుట నిలిచినప్పుడు యేసు అతని చూచి ప్రేమించెనని మార్కు వ్రాసినచోటను (10:21) ఆ క్రియయే. కోడి కూసిన తరువాత ప్రభువు తిరిగి పేతురువైపు చూచినట్లు లూకా వ్రాసినచోటను (22:61) ఆ క్రియయే. సెమినరీలో ఈ మూడు వచనములను మూడు వేరు పాఠములుగా చదివితిమి. పెన్సిలు పట్టిన పిమ్మట అవి నాకు ఒకచోట చేరినవి. లూకా 12:24లో పక్షులని గాక కాకులనియే పేరు పెట్టబడినది. అక్కడి క్రియ 'కటనోయెయో', అనగా మనస్సు పెట్టి గ్రహించుట. లేవీయకాండము అపవిత్రమని చెప్పిన పక్షి అది! నెమలినో పావురమునో చూడుమనినయెడల ఎవరైన చూతురు. కాకిని చూచుటకు ఎవరికి తీరిక?

నేను మొయినాబాదునుండి చేవెళ్ళకు స్కూటరుమీద పోవు త్రోవ హైదరాబాదు–బీజాపూరు రోడ్డు. దాని కిరుప్రక్కల సుమారు 900 మఱ్ఱిచెట్లున్నవని లెక్కించిరి. మఱ్ఱిచెట్లన్నియు ఒకేసారి పండవు. ఒకటి ఖాళీగా నున్న దినములలో మరియొకటి పండును. గనుక ఇతర వృక్షములు ఎండియున్నప్పుడును అక్కడ చిలుకలు, గోరువంకలు, కాకులు భోజనము చేయుచుండును. ఆ విత్తనములనే అవి గోడలమీదను తాటిమట్టల సందునను విసర్జించగా క్రొత్త మఱ్ఱి మొలచును. తీగమీద పాలపిట్ట కనబడును. ముడుచుకొని యున్నంతసేపు అది మట్టిరంగుది. రెక్క విప్పినప్పుడే ఆ నీలము. ఆ నీలము రంగుపొడివలన కలిగినది కాదు. ఈకలోని సూక్ష్మనిర్మాణముపై వెలుగు పడి చెదరుటవలన కలుగునది. ఈకను నూరి పొడిచేసిన నీలము మిగలదు. 1931–32లో సలీం అలీ నిజాం సంస్థానమంతట తిరిగి పక్షులను పరిశోధించిన దినములలో నమూనాలకై తుపాకి అవసరమయ్యెను. మాకు రెండు రూపాయల పెన్సిలు చాలును.

అయితే ఆ రోడ్డు ఇరుకైనది. వెడల్పు చేయవలెనని ప్రభుత్వమును, చెట్లు నరకరాదని వృక్షప్రేమికులును తలపడగా, వ్యాజ్యము జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు పోయెను. 2025 నవంబరు 3వ తేదీన మీర్జాగూడ దగ్గర కంకర లారీ ఆర్టీసీ బస్సును ఢీకొనగా సుమారు 20 మంది మరణించిరి. ఆ వారము మా ఊళ్ళలో చెట్టు పేరెత్తుటకే మనుష్యులు జంకిరి. మా సంఘములోను రెండు పక్షములేర్పడెను. చెట్లు కొట్టించుడని ఒక కాగితమును, కాపాడుడని మరియొక కాగితమును నా సంతకమునకై ఒకే ఆదివారము వచ్చినవి. ఇరుపక్షములవారును ఒక తల్లి పేరు చెప్పుచుండిరి. ఆమె ఒక్కగానొక్క కుమారుడు అంతకు మూడేండ్ల ముందు ఆ రోడ్డుమీదనే మోటారుసైకిలుపై పోవుచు చనిపోయెను. ఒకరు ఆమె కన్నీటిని చూపి చెట్లు పోవలెననిరి. మరియొకరు ఆమె ఆ చెట్టునీడనే జామపండ్లు అమ్మి బ్రదుకుచున్నదని చూపి చెట్లుండవలెననిరి. ఆమెను అడిగినవారు లేరు.

నేను ఏ కాగితముమీదను చేవ్రాలు చేయక, పెన్సిలును కట్టుపుస్తకమును తీసికొని ఆమె గంపప్రక్కన రాతిమీద కూర్చుండి, పైకొమ్మనున్న కంసాలిపిట్టను గీయసాగితిని. పచ్చని వీపు, ఎఱ్ఱని నుదురు, పసుపు గొంతు. ఎండలో టుక్కు టుక్కు మని ఆగకుండ పిలుచుచుండును. చాలసేపు ఆమె మాటాడలేదు. బేరములు వచ్చెను, పోయెను. తరువాత వంగి పుస్తకము చూచెను.

"గిది గూడు ఎండుకొమ్మల తొలుస్తది, అయ్యగారూ. అడుగు దిక్కు బొక్క ఉంటది, వాన నీళ్ళు వోకుండ. మా పోరడు జూపిచ్చిండు. బడికి వోతప్పుడు రోజు నిలవడి సూస్తుండె."

ఆ మూడేండ్లలో నేనామె ఇంట ఎన్నో ప్రార్థనలు చేసితిని. కుమారుని మాట ఆమె తానై ఎత్తుట నేను వినుట అదే మొదలు. బిడ్డకు పిట్టల పిచ్చి యుండెనని, సైకిలు ఆపి చెట్టుక్రింద నిలువబడి బడికి ఆలస్యమగుచుండెనని, మాస్టారు కొట్టెనని, మరునాడును నిలువబడెనని ఆమె చెప్పుచుండగా నేను వ్రాయలేదు, గీయలేదు, వింటిని.

చివరకు అడిగితిని: "చెట్ల సంగతి నీవేమందువమ్మా?"

"రోడ్డు వెడల్పు గావాలె, అయ్యగారూ. ఇంకో తల్లికి గిట్ల గావద్దు. చెట్టు గూడ ఉండాలె. రెండు ఎట్లయితయో సదువుకున్నోళ్ళు సూస్కోవాలె గని నన్నెందుకు నడుమ నిలవెడుతరు?"

ఆమె మాటను ఆమె మాటలలోనే ఆ రాత్రి పెద్దల కూటములో చెప్పితిని. రెండు కాగితములను తెచ్చినవారు వాటిని తిరిగి జేబులలో పెట్టుకొనిరి. ఆ మీదట చాల చెట్లను నిలువనిచ్చి, కొన్నిటిని వేళ్ళతో పెకలించి వేరుచోట నాటి, రోడ్డును వెడల్పు చేయుటకు ఏర్పాటు జరిగినట్లు వింటిమి. ఆమె కూర్చుండు చెట్టు ఏ వరుసలోనిదో ఇంకను మాకు చెప్పినవారు లేరు.

కంసాలిపిట్ట బొమ్మను ఆమె అడిగి తీసికొనెను. మడవక, గంపలో గోనెసంచిక్రింద సమముగా పరచి, దానిపై జామపండ్లు పేర్చుకొనెను. వచ్చు శనివారము పాఠము గుడ్లగూబను గూర్చినది.